పార పట్టినవాళ్ల రైలు



1948 జనవరి 1న బ్రిటన్‌లో రైళ్లు ప్రభుత్వపరం అయ్యాయి. పెద్ద కంపెనీల లైన్లు, ఇంజన్లు, స్టేషన్లు, వర్క్‌షాపులు, ఆఖరికి వాళ్ల హోటళ్లు కూడా సర్కారు చేతికి వచ్చాయి. ఏయే కంపెనీలను తీసుకోవాలో చట్టంలో ఒక జాబితా రాశారు. వేల్స్ పశ్చిమ తీరాన ఉన్న ఒక బుల్లి లైను పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. ఏడు మైళ్ల పైచిలుకు పొడవు. పట్టాల మధ్య ఎడం రెండడుగుల మూడంగుళాలు. పేరు టాలిల్లిన్ రైల్వే. మరచిపోయారో, దీన్ని తీసుకుని ఏం చేసుకుంటాంలే అనుకున్నారో గానీ, వదిలేశారు. అదే దాని అదృష్టం. పక్కనే, అదే గేజు మీద నడిచిన కోరిస్ రైల్వేని తీసుకున్నారు. ఆ ఏడాది ఆగస్టులోనే మూసిపారేశారు.

ఇలా తప్పించుకున్న టాలిల్లిన్, ఆ తర్వాత మూడేళ్లకు మరో విధంగా పేరు తెచ్చుకుంది. మూతపడబోతున్న రైలును మామూలు జనం పూనుకుని, జీతం బత్తెం లేకుండా పనిచేసి నిలబెట్టుకోవడం ప్రపంచంలో మొదట అక్కడే జరిగింది. ఆ బండి ఇవాళ్టికీ నడుస్తోంది. దాని కథ, దాని వెనక వచ్చిన మరికొన్ని రైళ్ల కథ ఈ పూట చెప్పుకుందాం.

పాత రైళ్లు, ఆవిరి ఇంజన్లు అనగానే మనకు ఒక తరహా మనుషులు కళ్లముందు కదులుతారు. మెడలో కెమెరా, నోట్లో ఇంజన్ల నంబర్లు, కూత వినబడితే చాలు ఒళ్లు మరచిపోయే రకం. వాళ్ల ప్రేమే ఈ రైళ్లను బతికించిందని అనుకుంటాం. అందులో కొంత నిజం ఉంది. అయితే ఇంజను మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. వానలో నిలబడి మురుగు కాలవ తవ్వేవాళ్లు దొరకడమే కష్టం. నాకు తెలిసినంతలో ఆ లైను దక్కింది రెండో రకం మనుషుల వల్ల.

అసలు ఆ లైను ఎందుకు పుట్టిందో ముందు చూద్దాం. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరం మనది. ఆ పలకరాయే వేల్స్ కొండల్లో గుట్టలు గుట్టలుగా దొరుకుతుంది. అక్కడ దాన్ని పల్చగా చీల్చి ఇళ్ల కప్పులకు వేసేవారు. బ్రిన్ ఎగ్లూయిస్ అనే గని నుంచి ఆ రాయిని సముద్రతీరాన ఉన్న టౌవిన్ ఊరికి దించడానికి 1860లలో ఈ లైను వేశారు. దానికి రెండే ఇంజన్లు. ఒకటి 1864లో తయారైన టాలిల్లిన్, రెండోది 1866లో వచ్చిన డోల్‌గోఖ్. రెండూ ఇంగ్లండులోని వైట్‌హేవెన్‌లో చేసినవి.

మొదట్లోనే ఒక చిక్కు వచ్చింది. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే ప్రభుత్వ తనిఖీ అధికారి సరేననాలి. 1866లో కెప్టెన్ టైలర్ అనే ఆయన వచ్చి చూశాడు. లైను మీద ఉన్న వంతెనలు మరీ ఇరుకు. పెట్టెకూ వంతెన గోడకూ మధ్య మనిషి పట్టేంత చోటు కూడా లేదు. నడిమధ్య బండి ఆగిపోయి, ఎవరైనా తలుపు తీసుకుని దిగబోతే అంతే సంగతులు. వంతెనలు పడగొట్టి కట్టాలంటే డబ్బులేవి? చివరికి చేసిందేమిటంటే, పెట్టెలకు ఒక పక్క తలుపులన్నీ శాశ్వతంగా బిగించేశారు, వంతెనల కింద పట్టాలను కొంచెం పక్కకు జరిపారు. రెండో పక్కన మాత్రం ఎడం వచ్చింది. ఆ ఉపాయం నూట యాభై ఏళ్లు దాటినా అలాగే ఉంది. ఇప్పటికీ టాలిల్లిన్ బండిలో ఒకే పక్కన ఎక్కాలి, దిగాలి. ఇంజనీరింగు చదివే పిల్లలకు పాఠంగా చెప్పదగ్గ ముచ్చట ఇది. డబ్బు లేనప్పుడు బుర్ర ఎలా పనిచేస్తుందో చూడండి.

1911లో ఆ గనినీ, రైలునూ కలిపి హేడన్ జోన్స్ అనే స్థానిక నాయకుడు కొన్నాడు. ఆయన ఆ ప్రాంతానికి పార్లమెంటు సభ్యుడు, తర్వాత సర్ బిరుదు కూడా వచ్చింది. గని లాభాలు ఎప్పుడూ అంతంతమాత్రమే. 1946 చివర్లో గనిలో కొంత భాగం కూలింది, దాంతో మూతపడింది. మోయడానికి రాయి లేదు. ఎక్కడానికి వేసవిలో నలుగురు షికారు జనం. అయినా ఆయన, తాను బతికున్నంత కాలం బండి నడుస్తుందని మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు. వారానికి రెండు మూడు రోజులు, ఎండాకాలంలో మాత్రమే, ఒక్క డోల్‌గోఖ్ ఇంజనుతో నష్టానికే నడిపాడు. 1950 జులైలో పోయాడు. ఆయన మాట గడువు ఆయనతో తీరిపోయింది.

అప్పటికి ఒక రచయిత కన్ను ఈ లైను మీద పడి ఉంది. పేరు టామ్ రోల్ట్. చదువుకున్నది ఇంజనీరింగు పని. అప్పటికే బ్రిటన్‌లో పాడుబడుతున్న కాలవల గురించి పుస్తకం రాసి, వాటిని కాపాడడానికి ఒక సంఘం పెట్టినవాడు. రైలు గురించి కూడా పత్రికకు ఉత్తరం రాశాడు. 1950 అక్టోబర్ 11న బర్మింగ్‌హామ్‌లోని ఇంపీరియల్ హోటల్లో సమావేశం పెట్టారు. డెబ్బైమంది దాకా వచ్చారు. లైను ఉన్నది వేల్స్‌లో, సమావేశం జరిగింది ఇంగ్లండులోని కార్ఖానాల నగరంలో. అది గమనించాల్సిన విషయం. అక్కడికి వచ్చినవాళ్లలో వ్యాపారులున్నారు, ఉద్యోగస్తులున్నారు, యంత్రాలు తెలిసినవాళ్లున్నారు. అక్కడ పుట్టిన సంఘం హేడన్ జోన్స్ భార్యతో మాట్లాడింది. ఆవిడ ఒప్పుకుని కంపెనీ వాటాలను అప్పగించింది. ఒక రైల్వే కంపెనీ, సరదా సంఘం చేతికి వచ్చింది. మేధావులు నవ్వారు. డాక్టర్లూ గుమస్తాలూ రైలు నడుపుతారట అని.

నవ్వడానికి కారణం లేకపోలేదు. 1951 నాటికి ఆ లైను స్థితి వింటే మనకు ఒళ్లు జలదరిస్తుంది. కింద వేసిన కొయ్య స్లీపర్లు కుళ్లిపోయి పిండి అయ్యాయి. పట్టాలు కనబడకుండా గడ్డి మొలిచింది. ఆ పట్టాలను సరైన ఎడంలో పట్టి ఉంచుతున్నది ఆ గడ్డేనని అప్పటి జనం అనుకునేవారు. మేకులు చేత్తో లాగితే వచ్చేవి. ఒక్క డోల్‌గోఖ్ తప్ప నడిచే ఇంజను లేదు, అదీ అలసిపోయి ఉంది. అలాంటి లైను మీద 1951 మే 14న, సంఘం ఆధ్వర్యంలో మొదటి బండి నడిచింది. రోల్ట్ మేనేజరు. మొత్తం దూరం కాదు, ధైర్యం చాలినంత దూరం మాత్రమే.

ఇంజన్ల కొరత తీర్చుకున్న తీరు చెప్పాలి. ఇందాక మూసేశారని చెప్పిన కోరిస్ రైల్వేకి చెందిన రెండు ఇంజన్లు ఒక స్టేషనులో పడి ఉన్నాయి. సర్కారు వాటిని ఒక్కొక్కటి ఇరవై అయిదు పౌండ్లకు ఇచ్చింది. తుక్కు ధరే అనుకోవాలి. గేజు ఒకటే కాబట్టి సరిపోతాయనుకున్నారు. ఒకదానికి సర్ హేడన్ అని పేరు పెట్టారు. తెచ్చి పట్టాల మీద పెడితే ఏమైంది? ఆ ఇంజను చక్రాల అంచు సన్నం. టాలిల్లిన్ లైను ఎడం ఎప్పుడో వెడల్పయిపోయింది. ఇంజను రెండు పట్టాల మధ్యలోకి దిగబడిపోయింది. డోల్‌గోఖ్ చక్రాలు వెడల్పు కాబట్టి ఇన్నాళ్లూ పట్టా తప్పు బయటపడలేదు. ఒక్కసారిగా అందరికీ అర్థమైంది. ఇంజన్లు కాదు, లైను కావాలి. రెండో ఇంజనును లీడ్స్ నగరంలోని హన్స్‌లెట్ కంపెనీ పైసా తీసుకోకుండా బాగుచేసి ఇచ్చింది. ఆ కంపెనీ పెద్ద ఈ సంఘంలో సభ్యుడు. లోకంలో పనులు ఇలా కూడా జరుగుతాయి.

అక్కడి నుంచి మొదలైంది అసలు పని. అసలు పని అంటే పట్టా కింద పని. మన గ్యాంగ్‌మన్లు రోజూ చేసేదే. పాత స్లీపరు తవ్వి తీయడం, కొత్తది తోయడం, కంకర పోసి కింద దట్టంగా కొట్టడం, ఫిష్‌ప్లేటు బోల్టు బిగించడం, మురుగు కాలవ శుభ్రం చేయడం, పొదలు నరకడం. వేల్స్‌లో వాన ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. కాలవ పూడితే నీళ్లు పట్టా కిందకు వస్తాయి, కట్ట మెత్తబడుతుంది, బండి ఊగుతుంది. అక్కడ రోడోడెండ్రాన్ అనే పూల చెట్టు ఒకటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నరికినకొద్దీ మళ్లీ మొలుస్తుంది. ఇలాంటి పనులకు సెలవుల్లో, శనాదివారాల్లో, తమ ఊళ్ల నుంచి తమ ఖర్చులతో జనం వచ్చారు. గడ్డి కోసినవాడి ఫోటో ఏ పత్రికలో పడుతుంది? ఇంజను మీద చెయ్యేసి నిలబడ్డవాడి ఫోటోయే పడుతుంది. అయినా వచ్చారు.

అలా వచ్చినవాళ్లలో ఒకాయన చర్చి ఫాదరు, విల్బర్ట్ ఆడ్రీ. మన ఇళ్లలో టీవీలో థామస్ అనే నీలం రంగు ఇంజను కార్టూను చూసిన పిల్లలందరికీ పరోక్షంగా తెలిసినాయనే. ఆ కథలు రాసింది ఆయన. 1952లో సెలవులకని టాలిల్లిన్‌కు వచ్చి గార్డుగా పనిచేశాడు. ఒకరోజు బండికి పచ్చజెండా ఊపేశాడు. ప్రయాణికులకు తినుబండారాలు అమ్మే ఆమె స్టేషనులోనే ఉండిపోయింది. ఫాదరుగారు తాను చేసిన తప్పును కథగా మలిచి 1955లో అచ్చువేసిన పుస్తకంలో పెట్టాడు. చక్రాలు పట్టాల మధ్యకు దిగబడిన ఇంజను సంగతి కూడా అందులోనే చేరింది. టాలిల్లిన్ ఇంజన్లు వేరే పేర్లతో పిల్లల కథల్లోకి వెళ్లాయి. ఇప్పుడు ఆ కథలు చదివిన పిల్లలు పెద్దయి, తమ పిల్లలను తీసుకుని ఆ లైను చూడటానికి వస్తున్నారు. కథ లైనుకు డబ్బు తెచ్చిపెట్టింది. 1953లో ఒక హాస్య సినిమా కూడా ఈ లైను స్ఫూర్తితోనే వచ్చింది. నా మటుకు, సినిమా కంటే ఆ ఫాదరుగారి పచ్చజెండాయే ఎక్కువ ఉపకారం చేసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. డబ్బు తీసుకోని పని కదా అని, ఎవరికి ఇష్టమైన పని వాళ్లు చేస్తామంటే కుదరదు. అలా అయితే వచ్చినవాళ్లందరూ డ్రైవర్లే. బండిలో జనం ఉంటారు. పట్టా కింద తేడా వస్తే ప్రాణాలు పోతాయి. అందుకని ఈ రైళ్లలో పాత రైల్వే మెట్లే పెట్టారు. కుర్రవాడు రాగానే గుడ్డముక్క చేతికిచ్చి ఇంజను తుడవమంటారు. తుడుస్తున్నప్పుడే ఏ బోల్టు ఎక్కడుందో, ఏ గొట్టం ఎక్కడికి పోతుందో కంటికి తెలుస్తుంది. తర్వాత పరీక్ష పాసయితే ఫైర్‌మన్. బొగ్గు వేయడం నేర్చుకోవాలి. బొగ్గు వేయడంలో ఏముంది అనుకోవద్దు. ఎక్కువ వేస్తే నల్లపొగ, తక్కువ వేస్తే ఎత్తు రాగానే ఆవిరి చాలదు. ఎక్కడ దిగుడు వస్తుందో, ఎక్కడ ఎక్కుడు వస్తుందో, ముందు ఏ స్టేషనులో ఎంతసేపు ఆగుతామో గుర్తుంచుకుని పార వేయాలి. ఏళ్లు గడిచాక మళ్లీ పరీక్ష, అప్పుడు డ్రైవరు. బయట పెద్ద ఉద్యోగం చేసే మనిషి కూడా అక్కడ ఫైర్‌మన్ చెప్పినట్టు వినాలి. మనకు ఊళ్లో గుడి సంఘాలున్నాయి, ఉత్సవ కమిటీలున్నాయి. స్వచ్ఛందంగా పనిచేసేవాడిని ఇది చెయ్, అది చెయ్యకు అని ఆదేశించడం ఎంత కష్టమో నడిపినవాళ్లకు తెలుసు. టాలిల్లిన్ గొప్పతనం ఆ ఆదేశాన్ని అందరూ ఒప్పుకునేలా చేయడంలో ఉంది.

ఒక ఇంజను పొద్దున్నే ఎలా మేల్కొంటుందో క్లుప్తంగా చెప్తాను. తెల్లవారక ముందే ఒకరు షెడ్డు తాళం తీస్తారు. ముందు గాజుగొట్టంలో నీటి మట్టం చూస్తారు. నీళ్లు చాలకుండా మంట పెడితే బాయిలరు పాడైపోతుంది, ప్రమాదం కూడా. ముందురోజు బూడిద గీరి తీస్తారు. పుల్లలు, నూనె గుడ్డలు, తర్వాత బొగ్గు. నెమ్మదిగా వేడెక్కనివ్వాలి. తొందరపెడితే ఇనుము ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ సాగి, కీళ్లు కారుతాయి. ఆవిరి లేవడానికి గంటలు పడుతుంది. ఆ గంటల్లోనే కందెన డబ్బా పట్టుకుని ఇంజను చుట్టూ తిరుగుతూ ఒక్కో కీలుకూ నూనె పోస్తారు. ఇదంతా ప్రయాణికుడు టిక్కెట్టు కొనకముందే జరుగుతుంది. పదేళ్లకొకసారి ఇంకా పెద్ద తతంగం. బాయిలరు పైపులన్నీ విప్పి, లోపలి గోడ చూసి, చల్లటి నీళ్లతో ఒత్తిడి పెట్టి పరీక్షించి, ఇన్సూరెన్సు తనిఖీదారుకు చూపించి, కాగితం తీసుకోవాలి. కాగితం లేకపోతే ఇంజను షెడ్డులో బొమ్మే. ఒక ఇంజనుకు ఆ పని పూర్తి కావడానికి ఏళ్లే పడుతుంది.

టాలిల్లిన్‌కు వెనకే ఇంకో కథ ఉంది. అది మరింత మొండిది. ఉత్తర వేల్స్‌లో ఫెస్టినియోగ్ రైల్వే. ఇదీ పలకరాళ్ల లైనే. మొదట్లో నిండిన పెట్టెలు కొండ వాలుకు వాటంతటవే జారేవి, ఖాళీవాటిని గుర్రాలు పైకి లాగేవి. 1836 నాటిది. 1946లో ఆగిపోయింది. 1954లో అలాన్ పెగ్లర్ అనే వ్యాపారి దాని వాటాలు కొని నడిపించే వీలు కల్పించాడు. 1955లో కొద్ది దూరం మళ్లీ బండి నడిచింది. ఇంతలో విద్యుత్ శాఖ వాళ్లు ఆ కొండల్లో జలవిద్యుత్ కేంద్రం కట్టారు. దాని చెరువు లైను మీదుగా వచ్చింది. పాత సొరంగం పై చివరతో సహా లైను కొంత మునిగిపోయింది. లైను మధ్యలో తెగిపోయింది.

ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? కోర్టుకు వెళ్తాం. వాళ్లూ వెళ్లారు. నష్టపరిహారం వ్యాజ్యం ఏళ్లపాటు సాగింది. అది తేలేవరకూ కూర్చోలేదు. 1965 జనవరి నుంచి, చెరువు పక్క నుంచి కొండ మీదుగా కొత్త దారి తవ్వడం మొదలెట్టారు. రెండున్నర మైళ్లు. చేతితో, పారతో, గడ్డపారతో, గునపంతో. తర్వాత చిన్న చిన్న యంత్రాలు వచ్చాయి. ఎత్తు పెరగాలంటే చోటు చాలదు. అందుకని దిఆల్ట్ అనే చోట లైను చుట్టు తిరిగి తన మీదుగా తానే దాటుతూ పైకి ఎక్కేలా కట్టారు. బ్రిటన్‌లో ప్రయాణికుల లైనులో ఇలా మెలిక తిరిగిన లైను ఇదొక్కటే. చివర్లో కొత్త సొరంగం అవసరమైంది. ఆ పని తెలిసిన గని ఇంజనీర్లను డబ్బిచ్చి పిలిపించారు. మిగతాదంతా ఎక్కువగా శనాదివారాల జనం. కాలేజీ పిల్లలు, టీచర్లు, గుమస్తాలు కొండ మీద పడుకుని రాళ్లు మోశారు. 1978లో బండి ఆ దారిన వెళ్లింది. 1982లో పై ఊరు బ్లెయ్‌నౌ చేరింది. పదిహేడేళ్లు. ఒకే పనికి. మొదట పార పట్టిన కుర్రాళ్లు ఆ వేళకు పెళ్లిళ్లయి, పిల్లల తండ్రులయి ఉంటారు.

నా ఉద్దేశంలో, పొగబండి చరిత్రలో జీతం లేని మనుషులు చేసిన పనుల్లో అది పెద్దది. కొందరు దాన్ని పిచ్చి అంటారు. అనవచ్చు. అవసరమైన రోడ్డు కాదు, నలుగురికి అన్నం పెట్టే కార్ఖానా కాదు. కానీ అవసరం లేకుండా అంత పని చేయగలిగిన మనిషి, అవసరం వచ్చినప్పుడు ఏం చేస్తాడో ఊహించుకోండి.

టాలిల్లిన్ వాళ్లూ ఊరుకోలేదు. పాత లైను ప్రయాణికుల బండికి తుది స్టేషను అబెర్‌గనోల్విన్. అక్కడి నుంచి పైకి రాళ్ల బండ్లు మాత్రమే వెళ్లేవి. ఆ ముప్పావు మైలును బాగుచేసి 1976లో నాంట్ గ్వెర్నోల్ దాకా పొడిగించారు. ఆ స్టేషనుకు ఇప్పటికీ రోడ్డు లేదు. కాలినడకన వెళ్లాలి, లేదా రైలెక్కాలి. 2021లో యునెస్కో వాయవ్య వేల్స్ పలకరాళ్ల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. టాలిల్లిన్, ఫెస్టినియోగ్ రెండూ అందులో ఉన్నాయి.

టౌవిన్ వార్ఫ్ స్టేషనులో ఒక మ్యూజియం ఉంది. నేరో గేజ్ రైల్వే మ్యూజియం. దాన్ని కూడా స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతారు. మొదటి వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో వింటే తమాషాగా ఉంటుంది. ఐర్లండులోని డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కార్ఖానా ఉంది. అక్కడి ఆవరణలో సరుకు మోసిన పిల్ల ఇంజనును 1956లో వీళ్లకు ఇచ్చారు. అది మొదలు. 2005లో కొత్త భవనం వచ్చింది. అందులో ఆడ్రీ ఫాదరుగారి చదువుగదిని ఆయన బల్ల, పుస్తకాలతో సహా పెట్టారు. అయితే ఒక తేడా ఉంది. అద్దాల వెనక నిలబెట్టిన ఇంజను చూసి బయటికి రాగానే, పక్కనే ప్లాట్‌ఫారం మీద అదే వయసున్న ఇంజను కూస్తుంది. మ్యూజియానికి అంతకంటే మంచి వివరణ నాకు తెలియదు.

ఇక్కడొక పాత వాదం ఉంది. ఇంజను ఆడిస్తే అరుగుతుంది. భాగాలు మార్చాలి. ఇన్నేళ్లకు అసలు భాగాలు ఎన్ని మిగులుతాయి? అలాంటప్పుడు అది 1866 నాటిదని ఎలా అంటారు? భద్రంగా మ్యూజియంలో ఉంచితే అసలు ఇనుము ఉంటుంది కదా? మ్యూజియం వాళ్ల ప్రశ్న న్యాయమే. నా మొగ్గు మాత్రం ఆడించేవాళ్ల వైపే. కారణం ఒక్కటి చెప్తాను. బ్రిటన్‌లో 1990 నుంచి కొందరు కలిసి, ఒక్కటి కూడా మిగలకుండా తుక్కయిపోయిన ఒక తరహా ఎక్స్‌ప్రెస్ ఇంజనును కొత్తగా చేయడానికి పూనుకున్నారు. పేరు టోర్నడో. చందాలతో డబ్బు పోగుచేశారు. వారానికి ఒక గ్లాసు బీరు ఖరీదు ఇమ్మని అడిగేవారు. 2008లో ఆ ఇంజను తిరిగింది. అయితే దాని బాయిలరు ఎక్కడ చేశారో తెలుసా? జర్మనీలో. ఆవిరి ఇంజన్లకు పుట్టిల్లయిన బ్రిటన్‌లో అంత పెద్ద బాయిలరు కొత్తగా చేసేవాళ్లు దొరకలేదు. ఇనుము ఉంది, డ్రాయింగులు ఉన్నాయి. చేతిలో ఉండాల్సిన పని పోయింది. మ్యూజియంలో అద్దాల వెనక పెట్టిన ఇంజను ఆ పనిని దాచి పెట్టలేదు.

ఆ పని చేతుల్లో నిలిచిన ఉదాహరణ కూడా ఒకటుంది. దక్షిణ వేల్స్‌లో బ్యారీ అనే ఊళ్లో ఒక తుక్కు యార్డు ఉండేది. డై వుడ్‌హామ్ అనే ఆయనది. 1960లలో సర్కారు ఆవిరి ఇంజన్లను కట్టలు కట్టలుగా తుక్కుకు అమ్మినప్పుడు ఆయన కొన్నాడు. ముందు వ్యాగన్లు కోయించాడు, అవి తేలిక. ఇంజన్లను తర్వాత చూద్దామని పక్కన పెట్టాడు. చాలావాటికి ఆ తర్వాత అనేది రానేలేదు. 297 ఇంజన్లు ఆ యార్డుకు వస్తే, 213 ఇంజన్లను సంఘాలు, వ్యక్తులు కొనుక్కుపోయారు. సముద్రపు గాలికి తుప్పు పట్టి, ఇత్తడి భాగాలు దొంగలు ఎత్తుకుపోయి, గుల్లగా ఉన్నవాటిని ఒక్కో బృందం పదీ ఇరవై ఏళ్లు పనిచేసి నిలబెట్టింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఢిల్లీలో చాణక్యపురిలో ఉన్న రైలు మ్యూజియానికి శంకుస్థాపన 1971లో రాష్ట్రపతి వి.వి. గిరిగారు చేశారు. ఒకప్పుడు రైల్వే కార్మికుల నాయకుడిగా పనిచేసిన మనిషి చేతుల మీదుగా జరగడం బాగుంది. 1977 ఫిబ్రవరి 1న తెరిచారు. దాని వెనక మైక్ సటౌ అనే ఆంగ్లేయుడు ఉన్నాడు. ఆయన రైల్వే మనిషి కాదు, ఇక్కడ ఒక రసాయనాల కంపెనీలో పెద్ద ఉద్యోగి. పాత ఇంజన్లంటే ప్రాణం. పటియాలాలో ఒకప్పుడు ఒక్క పట్టా మీద నడిచిన రైలు ఉండేది. ఒక చక్రం పట్టా మీద, రెండోది రోడ్డు మీద. ఆ తరహా బండి ప్రపంచంలో ఇంకెక్కడా పనిచేసే స్థితిలో లేదు. 1962లో తుక్కు మధ్యలో దాని ఇంజను ఆయన కంటపడింది. అమృత్‌సర్ వర్క్‌షాపు పనివాళ్లు దాన్ని మళ్లీ నడిచేలా చేశారు. ఇప్పుడది మ్యూజియంలో ఉంది. గుర్తుపట్టిన కన్ను ఒకరిది, బాగుచేసిన చేతులు మనవాళ్లవి.

శ్రీకాకుళం జిల్లా వాళ్లకు నౌపడ తెలుసు, అక్కడి ఉప్పు తెలుసు. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా గజపతులు వేయించిన చిన్న లైను 1900లో మొదలైంది. తర్వాత గుణుపురం దాకా సాగింది. రెండున్నర అడుగుల గేజు. అదీ పల్లెల్లో ఇళ్ల పక్క నుంచి, పొలాల మధ్య నుంచి నడిచిన బండే. 2004లో ఆపి బ్రాడ్‌గేజ్ చేశారు. అది తప్పనను. ధాన్యం బస్తాలు, కూలి జనం, కాలేజీ పిల్లలు వేగంగా పోవాలి. ఫెస్టినియోగ్ జనానికి బస్సు ఉంది, కారు ఉంది. పర్లాకిమిడి వాళ్లకు కావాల్సింది బతుకుదెరువు రైలు. ఆ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టకూడదు. పైగా మన రైలు సర్కారుది. ఊరి జనం వచ్చి మేం పట్టా వేస్తాం అంటే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అయినా రెండు మైళ్ల పాత లైను ఎక్కడైనా విడిగా ఉంచి, రిటైరైన ఫిట్టర్లను, గ్యాంగ్‌మన్లను, పాలిటెక్నిక్ కుర్రాళ్లను కలిపి అప్పగించి ఉంటే ఏమయ్యేదో అని నాకు అనిపిస్తుంది. మన దగ్గర ఆవిరి ఇంజను మీద పనిచేసిన చివరి తరం ఇంకా ఉంది. వాళ్ల వయసు మాత్రం ఆగడం లేదు.

బ్రిటన్‌లో కూడా అంతా సజావుగా లేదు. అక్కడ ఇలాంటి రైళ్లలో సుమారు 22 వేల మంది స్వచ్ఛందంగా పనిచేస్తున్నారు. చాలామంది జుట్టు నెరిసినవాళ్లు. పిల్లలను చేర్చుకుందామంటే 1920 నాటి చట్టం ఒకటి అడ్డు వచ్చింది. కార్ఖానాల్లో, రైళ్లలో పిల్లలతో పని చేయించకూడదని అప్పుడు మంచి ఉద్దేశంతోనే రాశారు.  ఆ చట్టం స్వచ్ఛంద పనికీ వర్తిస్తుందని చూసేసరికి, పదహారేళ్లలోపు కుర్రాళ్లకు గుడ్డముక్క ఇవ్వాలన్నా భయం పట్టుకుంది. 2018లో పార్లమెంటు సభ్యుల బృందం ఒకటి దీని గురించి నివేదిక ఇచ్చింది.

రెండో కష్టం బొగ్గు. వేల్స్ ఆవిరి బొగ్గుకు ప్రసిద్ధి. అక్కడ మర్తర్ టిడ్‌ఫిల్ దగ్గర ఉన్న ఫోస్-అ-ఫ్రాన్ గని 2023 చివర్లో మూతపడింది. కాలుష్యం పెంచే బొగ్గు వద్దన్న కాలం కదా. దాంతో వేల్స్ రైళ్లకు వేల్స్ ఆవిరి బొగ్గు లేకుండా పోయింది. దూరదేశాల నుంచి తెప్పించుకోవాలి, లేదా మొక్కల పొట్టు కలిపి చేసే ఇటుకలను వాడాలి. ఆ ఇటుకలు మండే తీరు వేరు. అందువల్ల ఫైర్‌మన్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నారు, ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో.

బర్మింగ్‌హామ్‌లో చదువుకునే తెలుగు పిల్లలు ఎంతోమంది ఉన్నారు. అక్కడి నుంచి టౌవిన్‌కు రైలు ఉంది. వేల్స్ కొండలు దాటి సముద్రం ఒడ్డున తీసుకుపోతుంది. స్టేషను నుంచి వార్ఫ్‌కు నడిచి వెళ్లిపోవచ్చు. ఉత్తినే బండెక్కి రావచ్చు. లేదా సంఘంలో సభ్యులుగా చేరి, పనిచేస్తామని చెప్పవచ్చు. ముందస్తు అనుభవం అడగరు. పని నేర్పుతారు. ఏ పనికి పంపిస్తారన్నది మాత్రం వాళ్లే చెప్తారు. లైను పక్క కాలవ తవ్వే బృందానికి పంపితే ఆశ్చర్యపోవద్దు. బూట్లు వాటర్‌ప్రూఫ్‌వి తీసుకెళ్లండి.